మూడు బల్లల వేసవి

మేము మతిపోయి బంగారంలాంటి స్పీకర్లు అమ్ముకుంటున్నామనీ, ఆ డబ్బు పెట్టి జనానికి బటన్లు నొక్కడం నేర్పే బడి తెరుస్తున్నామనీ ఎదురింటి టైలరమ్మ అన్నదట. మాతో అనలేదు, ఇస్త్రీ ఆయనతో అన్నది. ఆయన మా చొక్కాలతో పాటు ఆ మాటనీ మడత నలగకుండా తెచ్చి అమ్మకి అప్పగించాడు.

"ఇవాళ బటన్లు నొక్కడం నేర్పుతారు, రేపు ఫ్యాను స్విచ్చి వెయ్యడం నేర్పి దానికీ ఫీజు పుచ్చుకుంటారేమో అని ఒకటే నవ్వమ్మా. ఆలూ లేదు చూలూ లేదు, బోర్డు మాత్రం కట్టేశారు అన్నది."

అమ్మ చొక్కాలు సరిచూసుకుని, "బోర్డు బాగుందన్నదా లేదా?" అని అడిగింది.

"బాగుందనే అన్నది. అక్షరాలు కాస్త వంకరట."

అక్షరాలు నిజంగానే వంకర. రాసింది అన్నయ్య. 'తుఫాను డీజే శిక్షణ కేంద్రం'. తుఫాను అంటే వాడే. ఆ పేరు మొదట ఎవరు పెట్టారో తెలియదు గానీ, మా చుట్టుపక్కల నాలుగు వీధుల్లో పెళ్ళి అయినా, కాలేజీ పార్టీ అయినా తుఫాను వస్తేనే కళ. ఇంట్లో మాత్రం మధ్యాహ్నం దాకా మంచం దిగని తుఫాను.

నాన్నది సౌండు సామాను అద్దెకిచ్చే షాపు. ముందు గది షాపు, వెనక మూడు గదులు ఇల్లు. మధ్యలో తలుపు ఒకటి ఉండేది గానీ దాన్ని మూసిన గుర్తు నాకు లేదు. వైర్లు అతికే సీసం వాసన, చెక్కపెట్టెల వాసన, అమ్మ కాచే టీ వాసన కలిసిపోయి ఒకే వాసనగా ఉండేది. ఇప్పటికీ ఎక్కడైనా ఎవరైనా వైరు అతుకుతుంటే నాకు టీ తాగాలనిపిస్తుంది.

ఒకప్పుడు మా స్పీకర్లు ఇంట్లో కనపడితే పనిలేని రోజని లెక్క. ఆ వేసవికి అవి గోడకి వరసగా చేరగిలబడి, పెళ్ళికాని మేనమామల్లా కదలకుండా కూర్చున్నాయి. అరచేతిలో పట్టే స్పీకరు ఇంటింటికీ వచ్చేసింది. అద్దెకి అడిగే దిక్కు లేదు.

"సామాను ఎవరికీ అక్కర్లేదు గానీ వాయించడం మాత్రం అందరికీ కావాలి. నన్ను రోజుకి ఇద్దరు అడుగుతున్నారు, నేర్పుతావా అని," అన్నాడు అన్నయ్య. అలా పుట్టింది శిక్షణ కేంద్రం.

అమ్మ ఒక్కటే షరతు పెట్టింది. "స్పీకర్లు అమ్మి కొనేది ఒక్కసారే. అదీ నచ్చలేదు ఇదీ నచ్చలేదు అంటే రెండోసారి అమ్మడానికి ఇంట్లో మీ నాన్న తప్ప ఏం మిగల్లేదు. ఆయన్ని ఎవరూ కొనరు."

అందుకని ఏ మిషను కొనాలో, ఏ సాఫ్ట్‌వేర్ వెయ్యాలో తేల్చే పని నా మీద పడింది. నేను కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసుకునేదాన్ని. సెలవులు. కంప్యూటర్లు తెలిసినదాన్ని కాబట్టి ఎంచడం నా పని, పేరున్నవాడు కాబట్టి నేర్పడం అన్నయ్య పని. ఈ పంపకం ఎవరూ చెయ్యలేదు. ఇళ్ళల్లో కొన్ని పంపకాలు వాటంతటవే జరిగిపోతాయి, తరవాత చూస్తే రాయిలా గట్టిపడి ఉంటాయి. నాకు నేర్పాలని ఉండేది. చాలా ఉండేది. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

నాకు వచ్చు మరి. చిన్నప్పుడు ఫంక్షన్లకి నాన్న వ్యానులో ఇద్దరం వెళ్ళేవాళ్ళం. అన్నయ్య కండపుష్టి ఉన్నవాడు, మీసం రాకముందే స్పీకరు పెట్టెకి ఒక చివర పట్టేవాడు. నేను పీచులా ఉండేదాన్ని. కాళ్ళకి వైర్లు అడ్డం పడకుండా నన్ను రికార్డుల బల్ల పక్కన స్టూలెక్కించి కూర్చోబెట్టేవారు. నాన్న హెడ్‌ఫోన్ ఒక కొస తన చెవికి పెట్టుకుని రెండో కొస నా చెవికి ఆనించేవాడు. "విను. లోపలి పాట పరిగెడుతోందా, బయటి పాట పరిగెడుతోందా?" తప్పు చెబితే మొట్టికాయ. ఒప్పు చెబితే ఏమీ లేదు, ఊరుకునేవాడు. ఆ ఊరుకోవడం కోసం నేను ఎన్ని సాయంత్రాలు చెవులు రిక్కించానో.

సామాన్ల డీలరు నాన్నకి పాత దోస్తు. గీత పడకూడదని మా చేత ఒట్టు వేయించుకుని, రెండు వారాలు వాడి చూసుకోమని రెండు మిషన్లు పంపాడు. నేను ముందు గదిలో బల్లలు వేసి వాటి మీద అమర్చాను.

మొదటి బల్ల మీద అన్నయ్య కోరుకున్నది. నల్లగా, వెడల్పుగా, మధ్యలో ఎత్తుగా లేచిన తెరతో, పక్కింటి పెద్దమనిషిలా దర్జాగా ఉంది. ల్యాప్‌టాప్ అక్కర్లేదు, పాటలున్న పెన్‌డ్రైవ్ గుచ్చితే చాలు. "పెద్ద హాళ్ళలో ఉండేది ఇదే. నేర్చుకున్నవాడు రేపు అక్కడ నిలబడితే చేతికి తగిలేది ఇదే. బొమ్మ కారు మీద నేర్పి లారీ ఇస్తే ఏం తోలతాడు?" అన్నాడు అన్నయ్య.

రెండో బల్ల మీద నేను కోరుకున్నది. పలచటి కంట్రోలరు, అంటే పక్కనున్న ల్యాప్‌టాప్‌లో పాటల్ని నడిపే బటన్ల పలక. "నీ పెద్దది ఒకటి కొనే డబ్బుకి ఇవి మూడొస్తాయి అన్నయ్యా. ఒక్కటే ఉంటే ఒకడు నేర్చుకుంటాడు, మిగతావాళ్ళు వాడి వీపు చూస్తూ కూర్చుంటారు."

సాఫ్ట్‌వేర్లు మూడు వేసి చూశాను. ఒకటి ఉచితమే గానీ మా ముసలి ల్యాప్‌టాప్‌లో చెయ్యి కదిపాక శబ్దం కాసేపు ఆలోచించుకుని వచ్చేది. ఇంకోటి చూడముచ్చటగా ఉంది గానీ నెలనెలా చందా అడిగేది. మూడోది మొరటుగా ఉన్నా చెప్పిన మాట వినేది. అన్నిటికంటే ముఖ్యం, శబ్దం రెండు దారుల్లో రావాలి, ఒకటి గదికి, ఒకటి హెడ్‌ఫోనుకి. గదిలో ఒక పాట మోగుతుండగా చెవిలో రెండోదాన్ని సిద్ధం చేసుకుని, దాని వేగాన్ని మొదటిదాని వేగానికి తెచ్చి, జనానికి అతుకు తెలియకుండా వదలాలి. విద్యంతా అదే. ఆ రెండో దారి లేని చవక మిషన్లని మొదటిరోజే పక్కన పెట్టేశాను.

మేమిద్దరం ఇలా వాదించుకుంటుంటే నాన్న అటకెక్కి, దుప్పటి దులిపి, తన రెండు రికార్డు ప్లేయర్లూ, వాటి శబ్దాల్ని కలిపే పాత మిక్సరూ దించుకొచ్చాడు. "మీ బల్లలు మీరు పెట్టుకున్నారు. నాదీ ఒకటుంటుంది."

"వాటినెందుకు దించావు నాన్నా?" అన్నయ్య మొహం చిట్లించాడు. "రికార్డులు ఎక్కడ దొరుకుతాయి? నీడిల్ అరిగితే ఎక్కణ్ణించి తేవాలి? మోస్తే నడుములు పడిపోతాయి. లోపల ఎలకలు సంసారాలు పెట్టుంటాయి."

"ఎలకలకి తాళం వచ్చిందేమో చూద్దాం," అన్నాడు నాన్న.

అన్నయ్య చెప్పిన ప్రతి అభ్యంతరమూ నిజమే. ఆ మూడో బల్ల కాలు నేల మీద ఆనకముందే వాటన్నిటినీ ఊపిరి తిప్పుకోకుండా ఎందుకు చెప్పాడన్నదే అప్పుడు నాకు తట్టలేదు.

మిషన్ల మీద పరీక్షకి ఇద్దరు ఉచిత విద్యార్థులు దొరికారు. పక్క సందులో ఉండే నర్సుని అందరం సిస్టరమ్మ అనేవాళ్ళం. "పొద్దస్తమానం మూలుగులు వినీ వినీ చెవులకి మకిలి పట్టింది, కాస్త కడుక్కుందామని," అంటూ వచ్చింది. రెండో ఆయన బస్సు డ్రైవరుగా చేసి రిటైరైనాయన. మనవరాలి పెళ్ళిలో పాటలు తనే వెయ్యాలని పంతం. "వాళ్ళ నాన్న వేస్తాడట, వాడికి హారన్ కొట్టడం రాదు," అనేవాడు.

అన్నయ్య లేచేసరికి మధ్యాహ్నమయ్యేది కాబట్టి పొద్దున్న పూట, మిషన్లు పరీక్షించే వంకతో, నేనే చెప్పేదాన్ని.

మొదటిరోజు రెండో బల్ల దగ్గర సిస్టరమ్మ వెయ్యాల్సిన పాటలు రెండూ వేసి, మెరుస్తున్న బటన్ ఒకటి కనపడితే నొక్కేసింది. అది సింక్ బటన్, పెద్ద మిషను మీదా ఉంటుంది. మిషనే రెండు పాటల వేగం లెక్కగట్టి తనే కలిపేస్తుంది. క్షణంలో రెండు పాటలూ కొత్త జంటలా అడుగులో అడుగు వేశాయి.

"అయిపోయిందా?" అన్నది సిస్టరమ్మ.

"అయిపోయింది."

"మరి రేపు నేను రావడమెందుకు?"

డ్రైవరు గారు పగలబడి నవ్వారు. నాకు మాత్రం ఆ ప్రశ్న ముల్లులా దిగింది. వెంటనే నల్ల టేపు ముక్క తెంపి ఆ బటన్ మీద అంటించాను. తెర మీద పాటలు ఎర్రగా నీలంగా అలల్లా కదులుతుంటాయి, వాటిని చూసి కలిపేస్తారని అట్టముక్క కూడా అడ్డం పెట్టాను. "ఇప్పుడు రండి," అన్నాను.

"కళ్ళకి గంతలు కట్టి బస్సు తోలమంటావా అమ్మాయీ?"

"చెవులతో తోలండి."

నాలుగు రోజులకి ఇద్దర్నీ మూడో బల్ల దగ్గరికి తీసుకెళ్ళాను. అక్కడ నొక్కడానికి బటనూ లేదు, చూడటానికి తెరా లేదు. తిరిగే రికార్డు, వేగం పెంచే తగ్గించే మీట, ఒక చెవికి హెడ్‌ఫోను. సిస్టరమ్మ రికార్డు అంచు మీద రెండు వేళ్ళు ఆనించి, కళ్ళు మూసుకుని, రోగి నాడి చూసినట్టే చూసేది. "లోపలిదానికి జ్వరం. బయటిదానికి నార్మల్." డ్రైవరు గారిది ఇంకో లెక్క. "పక్క లైన్లో బస్సు పోతుంటే దాని కిటికీ మన కిటికీ ఎదురెదురుగా ఉండేట్టు తోలడం అన్నమాట. తొక్కకూడదు, వదలకూడదు. అరికాలి కింద గుడ్డు ఉందనుకోవాలి." ఇంత చక్కటి మాట నాన్న కూడా నాకు చెప్పలేదు. ఎన్నోసార్లు గుడ్లు పగిలాయి. పగిలినప్పుడల్లా ఇద్దరూ చిన్నపిల్లల్లా ఒకర్నొకరు వెక్కిరించుకునేవారు.

ఆ పొద్దున్నలు నాకు ఇంకా కళ్ళకి కట్టినట్టు ఉంటాయి. కిటికీకి తడిపి కట్టిన దుప్పటి, దాన్ని దాటుకుని వచ్చే చల్లటి చీకటి, నేల మీద చెప్పుల్లేని ఆరు పాదాలు ఒకే దెబ్బకి కదలడం. ఒకరోజు డ్రైవరు గారు రెండు పాటల్ని పల్లవి మొత్తం పొడుగునా ఒక్క జానెడు కూడా తేడా రాకుండా నడిపారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వెనక్కి చూస్తే తలుపు దగ్గర నాన్న నిలబడి ఉన్నాడు. ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడమేంటో నాకు తెలుసు.

ఆ రోజే నా మనసులో లెక్క తేలిపోయింది. మొదటి నెల నాన్న బల్ల, చెవి తెరవడానికి. ఆ తరవాత కంట్రోలర్లు మూడు. పెద్ద మిషను వద్దు. అలా అయితే మొదటి నెల నేర్పాల్సింది నేనే, ఇంకెవరు? ఆ ఆలోచనకి నాకు నేల మీద కాలు నిలవలేదు. అన్నం వడ్డిస్తూ పాడుతున్నానట, అమ్మ నుదురు పట్టి చూసింది.

ఆ శనివారం అన్నయ్య లేచి, టీ గ్లాసు పట్టుకుని ముందు గదిలోకి వచ్చేసరికి డ్రైవరు గారు ఇంకా వెళ్ళలేదు.

"గురువుగారూ, మీ పేరు చూసి వచ్చాం. ఇంతవరకూ మీ చెయ్యి చూళ్ళేదు. ఒక్కసారి కలిపి చూపించండి."

"దానికేం భాగ్యం, ఇటు రండి," అంటూ అన్నయ్య పెద్ద మిషను వైపు నడిచాడు.

"దాని మీద మా మనవరాలు కూడా కలుపుతుందండీ. ఇదిగో, ఈ పాతదాని మీద."

"నడుం పట్టేసిందండీ పొద్దున్నుంచి..."

"నడుంతో కలపరు కదా బాబూ," అన్నది సిస్టరమ్మ, ఊరికే, నవ్వుతూ.

అన్నయ్య గ్లాసు కిటికీలో పెట్టి వచ్చాడు. ఒక రికార్డు గదిలోకి వదిలాడు. రెండోది పెట్టాడు. హెడ్‌ఫోను తీసుకుని రెండు చెవులకీ తగిలించుకున్నాడు. రెండు చెవులూ మూసుకున్నవాడికి గదిలో పాట వినపడదు. వినపడనిదానితో ఏం కలుపుతాడు?

రెండో పాట వదిలాడు. రెండూ ఒకే గుంజకి కట్టిన గేదెల్లా చెరోవైపు లాగాయి. మీట పైకి జరిపాడు, ఇంకా చెడింది. కిందికి జరిపాడు, ఇంకో రకంగా చెడింది. మెడ మీద చెమట కారి చొక్కా కాలరు తడిసింది. సిస్టరమ్మ తాళం వేస్తున్న వేళ్ళు ఆపేసింది. డ్రైవరు గారు, పాపం, ఎందుకడిగానా అన్నట్టు తన చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టారు.

"నీడిల్ అరిగిపోయిందండీ," అన్నాడు అన్నయ్య హెడ్‌ఫోను తీసేస్తూ.

ఆ నీడిల్ పొద్దున్నే నేను వేసిన కొత్తది. నేను నోరు తెరిచేలోపు నాన్న లోపల్నించి వచ్చాడు. నీడిల్ బిగించిన, చేతికర్రలా ఉండే కాడని రెండు వేళ్ళతో ఎత్తి, కిటికీ వెలుతురుకి పెట్టి, కళ్ళు చికిలించి చాలాసేపు చూశాడు.

"అవును, అరిగింది. నిన్ననే అనుకున్నాను."

నీడిల్ ఊడదీసి, జేబురుమాల్లో చుట్టి, జేబులో వేసుకున్నాడు. "ఏమేవ్, డ్రైవరు గారికి ఇంకో టీ ఇవ్వు," అని లోపలికి కేకేశాడు.

అంతే జరిగింది.

సాయంత్రం నాన్న పెరట్లో కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే వెళ్ళి నిలబడ్డాను.

"అది కొత్తది నాన్నా. నేనే వేశాను."

"తెలుసు."

"మరి?"

నాన్న సబ్బు రుద్దుకుంటూనే ఉన్నాడు. "పెద్ద మిషనే కొందాం. కలపడం అదే చూసుకునేది. ఇన్నాళ్ళూ వాడు ఫంక్షన్లలో నెట్టుకొచ్చింది అలాంటిదాని మీదే."

"ఎవరు నొక్కినా కలిసేదానికి బడెందుకు నాన్నా? మొదటి నెల నేను చెబుతాను. తరవాత వాడు చెబుతాడు. ఇద్దరం ఉంటాం."

"బోర్డు మీద ఎవరి పేరుంది?"

"బోర్డుదేముంది, చెరిపి రాయొచ్చు."

"బోర్డు చెరపొచ్చే. నాలుగు వీధుల్లో నాటుకున్న పేరు ఎలా చెరుపుతావు? వారం వారం వాడికొచ్చే పనంతా ఆ పేరు మీదే. తుఫానుకి కలపడం రాదట, చెల్లెలు నేర్పుతోందట అని ఒక్కసారి ఆ టైలరమ్మ నోట్లో పడితే ఇంక వాణ్ణి ఎవరు పిలుస్తారు?"

"నా సంగతో?"

"నీకు చెవి ఉంది. దాన్ని ఎవరూ లాక్కోలేరు. వాడికున్నది పేరే. ఉఫ్ అంటే పోతుంది." నాన్న నా మొహం చూడలేదు. "ఉద్యోగం కూడా ఉంది కదా నీకు."

నా దగ్గర ఇంకొక్క మాట మిగిలింది. "ఆ మిషను పాత పాటల్ని కలపలేదు. కొత్త పాటల్లో తాళం మిషనే వేస్తుంది కాబట్టి గీత గీసినట్టుంటుంది. పాతవి మనుషులు చేత్తో వాయించినవి. హుషారొస్తే పరిగెడతారు, చరణంలో నెమ్మదిస్తారు. అక్కడ మిషను లెక్క తప్పుతుంది."

"పాత పాటలు ఇప్పుడెవరు అడుగుతారే?" అన్నాడు నాన్న.

ఆ పాటలతోనే మమ్మల్ని ఇద్దర్నీ పెంచినవాడు ఆ మాట అన్నాడు. కుళాయి కట్టడం కూడా మరిచిపోయి లోపలికి వెళ్ళిపోయాడు. నేనే కట్టాను.

పెద్ద మిషను కొన్నాం. రికార్డు ప్లేయర్లు మళ్ళీ అటకెక్కాయి. ఈసారి నాన్న ఒక్కడే ఎక్కించాడు, అన్నయ్య ఒక చివర పట్టబోతే వద్దన్నాడు. కంట్రోలరు డీలరుకి తిరిగి వెళ్ళిపోయింది, టేపు జిగురు గుడ్డతో తుడిచి మరీ పంపాను. సిస్టరమ్మకీ డ్రైవరు గారికీ పరీక్షలు అయిపోయాయని చెప్పాను. "మేము పాసా ఫెయిలా?" అని అడిగారు డ్రైవరు గారు. పాసేనన్నాను.

పెద్ద మిషనుతో వచ్చిన సాఫ్ట్‌వేర్‌లో పాటల్ని ముందే లెక్కగట్టి, ప్రతి దెబ్బ దగ్గరా గీత పడిందో లేదో సరిచూసి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి. సెలవుల చివరి వారమంతా ఆ పనే చేశాను. నాన్న రికార్డుల్లోంచి తీసిన పాత పాటలు కూడా ఒక మూల ఎక్కించాను. ఎందుకంటే చెప్పలేను, వాటిని వదిలెయ్యడానికి చెయ్యి రాలేదు.

కోరుకున్న మిషను వచ్చినందుకు అన్నయ్య ఎగిరి గంతెయ్యాలి. వెయ్యలేదు. నన్ను ఏడిపించడం మానేశాడు. పొద్దున్నే లేవడం మొదలుపెట్టాడు. ఒకరోజు నేను ల్యాప్‌టాప్ ముందు ఉంటే వెనక వచ్చి నిలబడ్డాడు.

"మిషను గీత తప్పు పెట్టిందని నీకెలా తెలుస్తుంది?"

"వినపడుతుంది."

"నాకూ చెవులున్నాయి కదా," అన్నాడు. పోట్లాటకి అన్నట్టు లేదు. ఇంకేదో అడగబోయి, మిషను తుడిచే గుడ్డ తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆదివారం సాయంత్రం ప్రారంభం. ముందు గది నిండిపోయింది. చేరదామనుకున్న కుర్రాళ్ళు, అమ్మాయిలు, డీలరు, ఇస్త్రీ ఆయన, గోడవారగా సిస్టరమ్మ, డ్రైవరు గారు. అందరికంటే ముందు వచ్చి ఫ్యాను కింద కుర్చీ పట్టుకున్నది టైలరమ్మ. నాన్న ఇస్త్రీ చొక్కాలో నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"మా వాడు ఎవరి దగ్గరా నేర్చుకోలేదండీ. కొందరికి పుట్టుకతోనే వస్తుంది. వాడికి అలా వచ్చింది."

అందరూ చప్పట్లు కొట్టారు. అన్నయ్య తల వంచుకుని పెన్‌డ్రైవ్ గుచ్చాడు. రెండు కొత్త పాటలు వేశాడు, బటన్ నొక్కాడు, నీళ్ళలో నీళ్ళు కలిసినట్టు కలిశాయి. మూడోది, నాలుగోది. కుర్రాళ్ళు ఊగిపోయారు. నేను టీ కప్పుల పళ్ళెం పట్టుకుని తలుపు దగ్గర ఉన్నాను.

"అన్నీ ఈ దడదడలేనా బాబూ?" టైలరమ్మ గొంతు పెంచింది. "మీ నాన్న వేసేవాడే, మా పెళ్ళిళ్ళ నాటి పాటలు. అలాంటిదొకటి తీసుకొచ్చి ఈ కొత్తదానితో కలుపు, చూద్దాం. ఫీజుకి తగ్గ పనేనా కాదా తెలుస్తుంది."

నవ్వులు. అన్నయ్య నాన్న వైపు చూశాడు. నాన్న నా వైపు చూశాడు.

అన్నయ్య పాత పాటొకటి వెతికి తీశాడు. బటన్ నొక్కాడు. రెండూ కలిశాయని తెర మీద పచ్చదీపం వెలిగింది. మొదటి లైను బాగానే నడిచింది. రెండో లైనుకి డోలక్ వాయించినవాడికి ఎందుకో హుషారొచ్చింది. తెర మీద దీపం పచ్చగానే ఉంది, గదిలో మాత్రం ఒక పాట రెండోదాని మడమ తొక్కడం మొదలైంది. కుర్రాళ్ళ ఊపు తడబడింది. సిస్టరమ్మ కళ్ళు తెరిచింది. డ్రైవరు గారు నేల చూపులు చూశారు.

అన్నయ్య చేతులు మిషను మీదే ఉన్నాయి, కదలటం లేదు.

నేను పళ్ళెం కింద పెట్టి, వైరు సరిచేసేదానిలా వెళ్ళి వాడి పక్కన నిలబడ్డాను. ఆ బటన్ ఆపేసి, పాటని ముందుకీ వెనక్కీ జరిపే చక్రం మీద వేళ్ళు ఆనించాను. కాస్త వెనక్కి పట్టాను, వదిలాను, మళ్ళీ పట్టాను. చరణం ఎత్తుకునేసరికి రెండు పాటలూ పక్కపక్కన కిటికీలు కలిపి నడిచాయి. పాట అయిపోయేదాకా వేళ్ళు తియ్యలేదు. మా ముందు తెర ఎత్తుగా ఉండటంతో నా చెయ్యి ఎవరికీ కనపడలేదు. వాడికి తప్ప.

గది దద్దరిల్లింది. "బాబు చెయ్యే చెయ్యి! ఒప్పుకున్నాను," అన్నది టైలరమ్మ లేచి నిలబడి. నాన్న మొహం వెలిగిపోయింది. "చెప్పాను కదమ్మా, పుట్టుకతో వచ్చిందని."

చీకటి పడకముందే అందరూ వెళ్ళిపోయారు. డ్రైవరు గారు గడప దాటబోతూ నా వైపు చూసి, అరికాలితో నేలని మెత్తగా ఒకసారి నొక్కి, చెప్పులేసుకున్నారు. ఇంట్లో నలుగురం మిగిలాం. అమ్మ కప్పులు పోగుచేస్తోంది. నేను కుర్చీలు మడుస్తున్నాను. అన్నయ్య మోచేతికి వైరు చుడుతున్నాడు, చుట్ట మీద చుట్ట, తల ఎత్తకుండా.

నాన్న ఉత్సాహం పట్టలేకపోతున్నాడు. "అక్కడికక్కడే అంతమంది పేర్లిచ్చారు! రేపణ్ణించి క్లాసులే. ఏరా, అలా బిగుసుకుపోయావేం? పుట్టుకతో వచ్చిన విద్యరా నీది, నీకేం భయం?"

అన్నయ్య చుట్టిన వైరు తీసి బల్ల మీద పెట్టాడు.

"పుట్టుకతో నాకేం రాలేదు నాన్నా. దానికి నేర్పావు, దానికొచ్చింది. నాకు నేర్పలేదు, నాకు రాలేదు."